యాంగోన్‌లో బ్రేకుల్లేని పందెం

విశాఖపట్నంలో ఆడవాళ్ళకి స్కూటీ నేర్పడం నా పని. పొద్దున్న లేచింది మొదలు "బ్రేక్ వెయ్యి, బ్రేక్ వెయ్యి" అని అరిచి అరిచి నా గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. అలాంటి నాకు, అసలు బ్రేకులే ఉండని మోటార్‌సైకిల్ మీద మా మేనకోడలు పందెం వేస్తోందని తెలిస్తే ఇంట్లో కాళ్ళు నిలుస్తాయా? యాంగోన్ నుంచి సందా వాయిస్ మెసేజ్ పెట్టింది. "అత్తా, నాలుగు దేశాల టీములు వత్తన్నాయి. ఇండియా కూడా ఉన్నాది. నువ్వు రావాల." సాయంత్రానికల్లా టిక్కెట్ల కోసం తిరగడం మొదలుపెట్టాను.

సందా మా నరసయ్య అన్నయ్య కూతురు. మా తాత భీమిలిలోనే ఉండిపోతే, ఆయన తమ్ముడు రేవులో పనికని ఇప్పుడు యాంగోన్ అంటున్న రంగూన్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. అన్నయ్య ఆ చిన్నతాత మనవడు. ఆ ఊరి నడిబొడ్డున పబేడాన్ అనే పేటలో చిన్న టిఫిన్ కొట్టు నడుపుతాడు. వదిన పేరు డా ఖిన్, బర్మా మనిషి. ఆవిడకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు, నాకు బర్మీస్ ఒక్క ముక్క రాదు. అయినా మా ఇద్దరికీ బాగానే కుదురుతుంది.

గురువారం మధ్యాహ్నం రైలెక్కాను. ఎదురు సీటాయన ఎక్కడికని అడిగితే మొత్తం చెప్పాను. "బ్రేకుల్లేకపోతే బండి ఎలా ఆపుతారమ్మా?" అన్నాడు. అదే చూడ్డానికి వెళ్తున్నానన్నాను. శుక్రవారం ఉదయం హౌరాలో దిగి, కొలకతా విమానాశ్రయంలో ఇడ్లీ పేరుతో ఏదో తిని, మధ్యాహ్నం విమానం ఎక్కాను. రెండు గంటల లోపు ప్రయాణం. దిగగానే గడియారం ఒక గంట ముందుకి తిప్పుకోవాలి. వీసా ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో తీసుకుంటే అక్కడ ఇబ్బంది ఉండదు. నోట్లు మాత్రం ఒక్క మడత కూడా లేనివి తీసుకెళ్ళండి. నలిగిన డాలరు వైపు అక్కడెవరూ కన్నెత్తి చూడరు.

టాక్సీలో పబేడాన్ చేరడానికి గంట పైనే పట్టింది. దారి పొడుగునా ఏదో తక్కువైనట్టు అనిపించింది. సగం దూరం వచ్చాక తెలిసింది, రోడ్డు మీద ఒక్క మోటార్‌సైకిల్ లేదు. నగరం నడిబొడ్డున ద్విచక్ర వాహనాలు నిషేధం. నేను ఈ ఊళ్ళో పుట్టుంటే అన్నం ఎలా తినేదాన్నో అనుకున్నాను.

అన్నయ్య ఇల్లు మూడో అంతస్తు. బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది, దాని చివర క్లిప్పు. కూరగాయలు, పాల ప్యాకెట్లు కింద తగిలిస్తే పైకి లాక్కుంటారు. నా సూట్‌కేసు కూడా అలాగే లాగుదామన్నాడు అన్నయ్య. నేను ఒప్పుకోలేదు. రాత్రి భోజనాల దగ్గర వదిన మొదటి గరిటె అన్నం, కూర తెచ్చి నా కంచంలో వేసింది. అతిథి మర్యాద అనుకుని పొంగిపోయాను. "అది పెద్దోల్లకి ఏస్తారు. ఇక్కడి పద్దతి. నాకన్నా నువ్వు ఆరు నెలలు పెద్ద గదా, అందికే" అన్నాడు అన్నయ్య. వయసు గుర్తు చేసే మర్యాద నాకెందుకు అని మూతి ముడుచుకున్నాను. మరి ఇన్నేళ్ళూ నేను అతన్ని అన్నయ్య అని ఎందుకు పిలుస్తున్నట్టు? చిన్నప్పుడెవరో అలా అలవాటు చేశారు, అంతే.

శనివారం పొద్దున్న మొహింగా తిన్నాను. చేపల పులుసులో సేమ్యా వేసినట్టుంటుంది, మా ఊరివాళ్ళకి వెంటనే నచ్చుతుంది. తర్వాత పక్కనే ఉన్న లత అనే పేట వైపు నడిచి ఎండకి ఒక టోపీ కొనుక్కున్నాను. దారిలో సందా తన పందెం సంగతి చెప్పింది. మట్టి బాట, కోడిగుడ్డు ఆకారంలో. నాలుగు బండ్లు, నాలుగు చుట్లు, ఒకే గేరు. మలుపులో ఎడమ కాలు నేలకి ఆనించి, వెనక చక్రాన్ని పక్కకి జార్చుకుంటూ తిరగాలి. ఆ కాలి బూటుకి ఇనప రేకు తొడుగుతారు. "ఆపాలంటే?" అన్నాను. "ఆపడం ఎందుకత్తా?" అంది.

ఆదివారం ఏడున్నరకి బస్సెక్కి నది దాటి లైంగ్‌థార్యార్ అనే ఫ్యాక్టరీల పేటకి వెళ్ళాం. వదిన ఒడిలో అన్నం క్యారియరు, అన్నయ్య ఒడిలో పెద్ద జిలేబీ డబ్బా. నా పక్కన మా ఎయ్ అనే అమ్మాయి కూర్చుంది, బుగ్గలకి థనాకా అనే చెట్టు బెరడు గంధం పూసుకుని. బట్టల ఫ్యాక్టరీలో కుడుతుందట. ఆమె మాట అన్నయ్య తెలుగులో చెప్పాడు: "వారమంతా మిసన్ల సప్పుడు ఇంటన్నాం, ఇయాల ఈ సప్పుడు ఇందామని వత్తన్నాం అంటంది." దిగాక మాతోనే వచ్చి మా వరసలోనే కూర్చుంది.

ఫ్యాక్టరీల వెనక ఎర్రమట్టి మైదానం, వెదురు మెట్లు, దుమ్ము అణచడానికి నీళ్ళ లారీ. జనం కిటకిటలాడుతున్నారు. ఒక్కో పందెంలో రెండు జట్లు, జట్టుకి ఇద్దరు. మయన్మార్ జట్టులో సందాకి జోడీ కో మిన్, నలభై దాటిన మెకానిక్, ఆమెకి బండి నేర్పినవాడే. మొదటి పందెం థాయ్‌లాండ్‌తో. బండ్ల ముందు అడ్డంగా కట్టిన తాడు పైకి లేచిందో లేదో సందా అందరికన్నా ముందు దూసుకుపోయింది. ఒక్క నిమిషంలో అయిపోయింది. మా పిల్ల ఫస్ట్! అన్నయ్య డబ్బా మూత తీసి సగం మెట్లకి జిలేబీలు పంచేశాడు. నేనూ రెండు తిన్నాను. అప్పుడు బోర్డు మీద అంకెలు వేశారు. మయన్మార్ నాలుగు, థాయ్‌లాండ్ అయిదు.

లెక్క అదీ. మొదటివాళ్ళకి నాలుగు, రెండోవాళ్ళకి మూడు, మూడోవాళ్ళకి రెండు, ఆఖరివాళ్ళకి సున్నా. సందా మొదట వచ్చింది, కో మిన్ ఆఖరున వచ్చాడు. రెండూ మూడూ వచ్చిన థాయ్‌లాండ్ కుర్రాళ్ళు గెలిచారు. ఓడిపోయినందుకు మిఠాయి పంచిన కుటుంబం మాదే అయుంటుంది. మలేసియాతోనూ అచ్చం అలాగే జరిగింది. ఈసారి డబ్బా మూత ఎవరూ ముట్టుకోలేదు.

మిగిలింది ఇండియాతో పందెం. వాళ్ళూ రెండూ ఓడారు. గెలిచినవాళ్ళకి మూడో స్థానం కప్పు. కానీ మా బాధ కప్పు గురించి కాదు. ఇదీ ఓడితే జట్టు నుంచి తప్పుకుంటానని, కుర్రవాణ్ణెవరినైనా చూసుకోమని కో మిన్ చెప్పేశాడట.

మధ్యాహ్నం బండ్ల దగ్గర టార్పాలిన్ కింద భోజనానికి కూర్చున్నాం. కో మిన్ దూరంగా స్పానర్ తుడుచుకుంటూ ఉన్నాడు. సందా కోపంగా ఉంది. "నాను ముందికెల్లినాను గదా అత్తా. ఇంకేటి సెయ్యాల? ఆయన ఎనకే ఉండిపోతే నానేటి సేస్తాను?" అంది. బ్రేక్ వెయ్యమనడం తప్ప నాకు వేరే సలహా రాదు, ఆ బండికి అదే లేదు. వదిన మాత్రం కో మిన్‌ని పిలిచి కూర్చోబెట్టి, కంచం పెట్టి, గరిటె కూతురి చేతికిచ్చింది. సందా ఒక క్షణం అమ్మ వైపు చూసింది. తర్వాత మొదటి గరిటె అన్నం అతని కంచంలో వేసింది. ముఖం ముడుచుకునే వేసింది.

అతను రెండు ముద్దలు తిని నెమ్మదిగా ఏదో చెప్పాడు. అన్నయ్య నా చెవిలో అన్నాడు: "లోపలి దారి నాకు ఒగ్గీ, నువ్వు బయట కాయి అంటన్నాడు." సందా ఏదో అడిగింది. అన్నయ్య నవ్వాడు. "నువ్వు ఎక్కడున్నావో నాకెలా తెలస్తాది అంటే, ఎనక్కి సూడు అంటన్నాడు. ఈ పిల్ల ఎప్పుడూ ఎనక్కి సూడ్నేదట."

నాలుగు గంటలకి పందెం. సందా మళ్ళీ ముందు. వెనక ఇండియా కుర్రాళ్ళిద్దరూ, ఆఖరున కో మిన్. రెండో చుట్టు మలుపులో సందా ఎర్ర హెల్మెట్ వెనక్కి తిరగడం చూశాను. సందా ఇంజిన్ చప్పుడు తగ్గింది. లోపలి దారి వదిలేసి బయటికి జరిగింది. ఆ సందులోంచి ఒక ఇండియా బండి ఆమెను దాటేసింది. రెండోవాడు బయట నుంచి రాబోతే అడ్డంగా నిలిచింది. వాడు వేగం తగ్గించక తప్పలేదు. లోపలి గీత పట్టుకుని కో మిన్ వాడి ముందుకొచ్చేశాడు. మిగతా రెండు చుట్లూ సందా, కో మిన్ ఒకరి పక్కన ఒకరు. వెనకవాడికి దారే దొరకలేదు.

గీత దాటింది ముందు ఇండియా బండి. నేను టోపీ ముఖానికి కప్పుకుని కూలబడ్డాను. మా ఎయ్ నా టోపీ లాగేసింది. ఒక చేతి అయిదు వేళ్ళూ చాపింది, రెండో చేతిలో బొటనవేలు మడిచింది. అయిదు, నాలుగు! పక్కన అన్నయ్య అప్పటికే ఏడుస్తున్నాడు. నేను లేచి చప్పట్లు కొట్టాను, ఎంతసేపో తెలీదు. నా దేశం ఓడిందని గుర్తొచ్చాక కూడా కొట్టాను.

మిగిలిన జిలేబీలు బండ్ల దగ్గరికి పట్టుకెళ్ళి ఇండియా కుర్రాళ్ళకి కూడా పెట్టాం. కో మిన్ కప్పు కింద పెట్టి అప్పుడే సందా బండి చైను సరిచేస్తున్నాడు. వచ్చేవారం ప్రాక్టీసు ఎన్నింటికో అడుగుతున్నాడట. సందా ముఖమంతా ఎర్రమట్టి. "బ్రేకు నేకపోయినా ఆగినాను, సూసినావా అత్తా?" అంది. చూశాను. ఇన్నేళ్ళలో నా శిష్యురాళ్ళెవరూ అంత చక్కగా ఆగలేదు.

మంగళవారం విమానంలో కొలకతా, ఆ రాత్రే హౌరాలో రైలు. బుధవారం పొద్దున్న బరంపురంలో ఒక మాస్టారు ఎక్కి నా పక్కన కూర్చున్నారు. టీ తాగుతూ ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగారు. చెప్పాను.

"అయితే మీ మేనకోడలు ఫస్ట్ వచ్చినాదేటి?"

"రెండుసార్లు ఫస్ట్ వచ్చింది, ఓడిపోయాం. మూడోసారి సెకండ్ వచ్చింది, గెలిచాం."

ఆయన టీ కప్పు కింద పెట్టి, "అదెలాగమ్మా?" అన్నారు. విశాఖపట్నం ఇంకా చాలా దూరం ఉంది. కిటికీ పక్కకి జరిగి కూర్చుని, లోపలి దారి ఎవరికి వదిలిందో అక్కణ్ణుంచి చెప్పడం మొదలుపెట్టాను.