డమ్మీ విత్‌డ్రా

ఆ రోజుల్లో మా పాలెంలో మగవాళ్ళకు చేపల వేటకంటే ఇష్టమైన పని ఒకటుండేది, ఒప్పందాలు కుదర్చడం. (ఆ రోజులంటే తాతల కాలం అనుకోకండి. అందరి చేతుల్లోనూ ఫోన్లున్న కాలమే. నాకు పెళ్ళై ఇద్దరు పిల్లలు పుట్టేసరికి అదేదో పాతకాలంలా అనిపిస్తోంది, అంతే.) వల చిక్కుపడితే ఒప్పందం, కోడి పక్కింట్లో గుడ్డు పెడితే ఒప్పందం. అన్నిటికీ పెద్ద మా దూరపు చుట్టం ఒకాయన. అందరూ ఆయన్ను సెటిల్‌మెంట్ మామ అనేవాళ్ళు. తగువు లేని వారంలో ఆయనకు అన్నం సయించేది కాదని ఆయన భార్యే చెప్పేది. అలాంటి మనిషికి పంచాయతీ ఎన్నికలు వచ్చాయంటే ఇక చూడండి.

మాది ఒకే పంచాయతీ, రెండు ముక్కలు. సముద్రం ఒడ్డున మా పాలెం, తారురోడ్డు దాటితే వరిపొలాల మధ్య ఊరు. ఆ ఏడు సర్పంచి సీటు ఆడవాళ్ళకు వచ్చింది. పాలెం తరఫున మా మేనత్త చేత నామినేషన్ వేయించారు. ఊరి తరఫున చర్చి అక్క చేత వేయించారు. (ఆదివారం బడిలో పిల్లలకు పాటలు నేర్పేది కాబట్టి ఆ పేరు.) వాళ్ళిద్దరికీ ఏనాడూ తగువు లేదు. మా అత్త రోజూ ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల గంప మొదట దించేది చర్చి అక్క అరుగు మీదే. నామినేషన్ వేసిన మర్నాడు కూడా అక్కడే దించింది. ఆ రోజు గంప మోయడానికి సాయంగా నేనూ వెళ్ళాను.

"నువ్వూ ఏసినావంట గదా మే?" అంది అత్త.

"ఏయించినారు అక్కా. నువ్వు?"

"నన్నూ అంతే."

"నెత్తళ్ళు బాగా ఎండినాయా?"

అంతటితో వాళ్ళిద్దరి ఎన్నికల ప్రచారం ముగిసింది. మిగతాదంతా మగవాళ్ళు చూసుకున్నారు.

ఈ కథలోకి నేనెలా వచ్చానంటే, అత్త నామినేషన్ ఏ కారణం చేతైనా చెల్లకపోతే పాలెం పరువు పోతుందని, పక్కన ఇంకొకరి చేత కూడా వేయించాలన్నాడు సెటిల్‌మెంట్ మామ. పోటీకి సరిపడా వయసుండి, ఏ పనీ లేనట్టు కనిపించేది నేనొక్కదాన్నే. రెండుసార్లు ఇంటర్ తప్పి, ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటున్నాను. "డమ్మీ అంటే ఏంది మామా?" అనడిగాను. "ఏం లేదమ్మే, సంతకం పెట్టి ఇంట్లో కూర్చోడమే." "గెలిస్తే?" "డమ్మీ గెలవదు." "పోనీ ఓడిపోతే?" "డమ్మీ ఓడిపోదు గూడా." రెండుసార్లు తప్పినదానికి తప్పే వీలే లేని పరీక్ష దొరికితే వదులుకుంటుందా? సంతకం పెట్టేశాను. సర్పంచి గుర్తుల్లో కత్తెర ఉంటుందని ఎవరో అన్నారు. ఇక చూడండి, తలుపేసుకుని, అద్దం ముందు నిలబడి, చేతిలో జాకెట్లు కత్తిరించే కత్తెర పైకెత్తి, "కత్తెర గుర్తుకే మీ ఓటు!" అనేదాన్ని. అద్దంలో పిల్ల చాలా గంభీరంగా ఉండేది. నేను నవ్వితే తప్ప నవ్వేది కాదు.

ఇంతలో ఏకగ్రీవం మాట పుట్టింది. పోటీ లేకపోతే పంచాయతీకి సర్కారు నజరానా వస్తుందట, ఎవరో ఒకరు విత్‌డ్రా అయితే చాలట. వలల పాకలో సభ పెట్టారు. (వలలు బాగుచేసుకోవడానికి వేసిన రేకుల పాక అది. చల్లగా ఉంటుంది కాబట్టి అందులో వలలకంటే మాటలే ఎక్కువ కుట్టేవాళ్ళు.) ఊరివాళ్ళు అటు, పాలెంవాళ్ళు ఇటు, ఆడవాళ్ళం గుంజల వెనక. చివరికి షరతులు తేలాయి. మా అత్త విత్‌డ్రా కావాలి. బదులుగా ఉపసర్పంచి పదవి పాలేనికి, పడవల దాకా గ్రావెల్ రోడ్డు, తిరునాళ్ళ ఊరేగింపు ముందు పాలెంలోకి రావడం. అలా తేలీ తేలకముందే పాలెం కుర్రవాళ్ళు లేచారు.

"మాట మీద నమ్మి ఎనక్కి తగ్గితే రేపు మన మొగం చూస్తారా?"

"తగ్గడం కాదబ్బయా, విత్‌డ్రా," అన్నాడు సెటిల్‌మెంట్ మామ.

"రెండూ ఒకటే గదా?"

"యాడ ఒకటి? తగ్గేదానికి ఎవురూ టీ ఇప్పించరు."

ముందు రోడ్డు, తర్వాత విత్‌డ్రా అని పాలెం. ముందు విత్‌డ్రా, తర్వాత రోడ్డు అని ఊరు. దీని మీద రెండు రోజులు నడిచింది. టీ కొట్లో చర్చ, పడవల దగ్గర చర్చ, మొగుడూ పెళ్ళాలు అన్నం దగ్గర చర్చ. మా బాబాయి ఒకాయన పొద్దున ఒప్పందానికి అనుకూలంగానూ సాయంత్రం వ్యతిరేకంగానూ మాట్లాడి రెండుచోట్లా టీ తాగేవాడు. ఆఖరికి ఊరివాళ్ళు నమ్మకానికి గుర్తుగా ఒక ట్రాక్టరు గ్రావెల్ ముందే తెచ్చి పోసేటట్టు, దాన్ని పరిచేది మాత్రం విత్‌డ్రా అయ్యాకే అన్నట్టు తేల్చారు. కుప్ప వచ్చింది. ఎత్తుగా, ఎండ బాగా తగిలే చోట ఉంది కదా అని మా ఆడవాళ్ళు దాని మీద పట్టాలు పరిచి నెత్తళ్ళు ఆరబోశారు. ఒప్పందం వల్ల మాకు మొదట కలిగిన లాభం అదే.

వలల పాకలో ఆ షరతులు తేలిన రోజే, సభ ఆఖర్లో మా అత్త గుంజ వెనకనుంచి ముందుకొచ్చింది. "నాదొక మాట," అంది.

"నీదేంది వదినా? నువ్వు క్యాండిడేటువి గదా, కూర్చో," అన్నాడు మామ.

అత్త కూర్చోలేదు. "మలుపుకాడ బస్సుకు నిలబడేతావ నాలుగు రేకులు ఏయించండి. గంపలు చూసి బస్సోడు ఆపకుండా పోతాడు. ఇంకో బస్సొచ్చేదాకా ఎండలో మాడాల. పోయిన ఏసంగిలో మాయమ్మ ఆడనే కళ్ళు తిరిగి పడిపోయింది, మీరే గదా ఆటోలో ఏసుకోని పోయింది?" ఆమె చెప్పింది మా అవ్వ గురించి. ఆ తర్వాత అవ్వ గంప ఎత్తనే లేదు.

"అది చిన్నదిలే వదినా, ముందు పెద్దవి కానీ."

"చిన్నదైతే ముందే అయిపోవాల గదా సామీ."

మగవాళ్ళు ఊరేగింపు ఏ వీధిలో మలుపు తిరగాలన్న చర్చలోకి వెళ్ళిపోయారు.

విత్‌డ్రా రోజు పొద్దున అత్త మా ఇంటికొచ్చింది. "మేయ్, ఈ పూట గంప నువ్వెత్తుకోని పో. అల్లూరు మార్కెట్టుకు. ఖాళీ అయ్యేదాకా రాబాక. నీ ఫోనిట్టియ్యి, నాదాంట్లో చార్జింగు లేదు," అంది. ఇచ్చేసి గంపెత్తుకున్నాను. మలుపు దగ్గర బస్సు నన్ను చూసింది, గంపను చూసింది, వెళ్ళిపోయింది. చాలాసేపటికి ఒక ఆటో దొరికింది.

నామినేషన్ల ఆఫీసులో జరిగింది నేను చూడలేదు, తర్వాత విన్నాను. (అత్త ఇప్పటికీ చెప్పిన ప్రతిసారీ కొంచెం మార్చి చెబుతుంది.) అత్త బుద్ధిగా సంతకం పెట్టి విత్‌డ్రా అయిందట. మామ "ఏకగ్రీవం!" అని అరిచాడట. చర్చి అక్కకు శాలువా కప్పారట. అప్పుడు ఎన్నికల అధికారి కళ్ళజోడు సర్దుకుని, "ఇంకొకరున్నారే," అన్నాడట. నా పేరు చదివాడట.

"ఆ పాప డమ్మీ సార్," అన్నాడు మామ.

"డమ్మీ అని మాకేం ఉండదండీ. వేస్తే క్యాండిడేటే. మూడింటిలోపు తనే వచ్చి సంతకం పెట్టాలి."

మామ గబగబా నాకు ఫోన్ చేశాడు. ఫోను మా అత్త రొంటినుంచి మోగింది. "అయ్యో, ఇది నాకాడనే ఉండాదే!" అంది అత్త, చాలా ఆశ్చర్యంగా.

అల్లూరు మార్కెట్ వీధిలో నేను "నెత్తళ్ళమ్మా, నెత్తళ్ళు!" అని కేకేస్తుంటే మూడు మోటారుసైకిళ్ళు వచ్చి ఆగాయి. ముందు దాని మీద మామ, చెమటలు కారుతున్నాయి.

"ఇంట్లో ఎవురికేమైంది మామా?"

"ఎవురికీ ఏం కాలా. మాకే అయింది. ఎక్కు."

"గంప?"

"పారేయ్!"

"అత్త తంతాది. ఖాళీ అయ్యేదాకా రాబాకన్నింది."

పంచాయతీ పెద్దలు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత జరిగిన బేరమంత తొందరగా మా పాలెంలో ఏ ఒప్పందమూ కుదరలేదు. గంపంతా వాళ్ళే కొన్నారు. "నేను ముందడిగినా గదయ్యా!" అని ఒకావిడ పోట్లాటకొస్తే మామ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. మూట కట్టడానికి గుడ్డ లేదు. ఉపసర్పంచికి కప్పుదామని తెచ్చిన రెండో శాలువా బండి కవర్లో ఉంది. అందులో కట్టారు. నెత్తళ్ళకు అంతటి సన్మానం అంతకుముందెప్పుడూ జరిగి ఉండదు.

ఆఫీసు వరండాలో అత్త, పాలెం ఆడవాళ్ళు, వాళ్ళ మధ్యన శాలువాతో చర్చి అక్క కూర్చుని ఉన్నారు. మామ నన్ను లోపలికి తోస్తున్నాడు. అత్త చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఎండనబడి వచ్చినావు, నీళ్ళు తాగు. బస్సు ఆపినాడా మే ఇయ్యాల?"

"లేదత్తా."

"ఎండలోనే నిలబడినావా?"

"నిలబడినా."

మా అత్త తలెత్తి మామ వైపు చూసింది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. మామకు నాకంటే ముందే అర్థమైనట్టుంది.

"ఏయిస్తాలే వదినా, నా మాట నమ్ము. ముందు సంతకం..."

"ముందు రేకులు," అంది అత్త.

"గోడకు గడియారముండాది చూడు అన్నా," అంది చర్చి అక్క మెత్తగా. "ఈ పాప సంతకం పెట్టకపోతే నేను పోటీ చేయాల. నాకు తిరిగే ఓపిక లేదు. పాపే ఉండనీ, నేనూ విత్‌డ్రా అయిపోతా."

రెండు రోజుల చర్చలో ఈ షరతు ఎవరికీ తోచలేదు మరి. మామ ఫోన్ తీసి పాలేనికి చేశాడు. "ఒరే అబ్బయా, వలల పాక మీద రేకులు ఊడబీకి మలుపుకాడికి తోలండి... ఆ, మన పాకే... ఎందుకని అడగబాక, బీకు!" వీడియోలో చూపించమంది అత్త. చిన్న తెరలో మా కుర్రవాళ్ళు పాకెక్కి మొదటి రేకు ఎత్తుతున్నారు. కింద కూర్చున్న పెద్దమనుషుల మీద ఒక్కసారిగా ఎండ పడింది. ఆడవాళ్ళంతా ఆ ఫోను చుట్టూ చేరి పెళ్ళి వీడియో చూసినట్టు చూశారు.

"పో మే," అంది అత్త.

అధికారి నా ముందు కాగితం పెట్టి, "ఎవరి బలవంతమూ లేకుండా, నీ ఇష్టంతోనే విత్‌డ్రా అవుతున్నావా అమ్మా?" అని అడిగాడు.

"అవును సార్!" అన్నారు వెనకనుంచి అందరూ.

"ఆ అమ్మాయిని అడిగాను," అన్నాడాయన.

అంతవరకూ నామినేషన్ వెయ్యమన్నారు, గంపెత్తమన్నారు, బండెక్కమన్నారు గానీ నీ ఇష్టమా అని ఎవరూ అడగలేదు. కలం పట్టుకుని కాగితం మీద నా పేరు చదువుకున్నాను. అద్దంలో కత్తెర ఎత్తిన పిల్ల గుర్తొచ్చింది. మామ గడియారాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. అత్త కూడా, నేనేమంటానోనని మొదటిసారి నావైపు భయంగా చూసింది. ఆ కాసేపూ మా పంచాయతీ మొత్తం నా మాట కోసమే ఎదురుచూసింది. "ఇష్టమే సార్," అన్నాను. సంతకం పెట్టాను.

రేకుల కప్పు ఇప్పటికీ ఉంది. వానొస్తే ఒక మూల కారుతుంది. సెటిల్‌మెంట్ మామ సభలు ఇప్పుడు అక్కడే పెడుతున్నాడు, పాకకు కప్పు లేదు కదా. మేం గంపలతో వెళితే లేచి చోటిస్తాడు. బస్సు మాత్రం ఇంకా ఆపకుండానే పోతుంది. ఆపాలని ఒప్పందంలో పెట్టించడం మాకెవరికీ తోచలేదు. నిన్న, కుట్టిన జాకెట్లు సంచిలో వేసుకుని అల్లూరికి బయల్దేరి, నీడలో నిలబడి, వెళ్ళిపోతున్న బస్సు వైపు సంచిలోంచి కత్తెర తీసి ఊపాను. పక్కనున్న మా అమ్మాయి "ఎందుకమ్మా?" అంది. ఊరికేలే అన్నాను.