చీటీ మీద వచ్చిన మంచినూనె

మా ముత్తాత సంత పెద్ద. కోటబొమ్మాళి చుట్టుపక్కల జరిగే మూడు సంతల్లో ఏ కుంచమైనా, ఏ సోలైనా మా ఇంటి ముద్ర పడందే వాడకూడదని జమీందారు ఆయనకు పట్టా రాసిచ్చాడు. ఆ పెత్తనం తర్వాత మా తాతకు వచ్చింది. తాత సంతలోకి దిగితే నెయ్యి కుండల మూతలు అడక్కుండానే తీసేవారు. ఆయన వేలితో కాస్త తీసుకుని ముంజేతి మీద రాసి వాసన చూసేవాడు, నాలుక కొసన వేసుకునేవాడు. బాగుంటే తల ఊపేవాడు. లేకపోతే కుండను కాలితో తన్నేవాడు. అలా తన్నించుకున్నవాడు ఆ సంతలో మళ్ళీ కనిపించేవాడు కాదు.

మా నాన్న కాలానికి జమీందారీలు పోయాయి, వాటితో సంత పెత్తనమూ పోయింది. నా వంతుకు మిగిలినవి అటక మీది ఇత్తడి కొలతలు, ముద్ర వేసే ఇనుప కమ్మీ, కౌలుకిచ్చిన కొద్దిపాటి మడిచెక్కలు, ఎవరి ముందూ వంగని నడుము. ఆ నడుము మా మేనత్తను ఏం చేసిందో రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అరవైల చివరి సంవత్సరాలవి. లీటర్లూ కిలోలూ బజారుకు వచ్చేశాయి. ఇంట్లో నేనూ, మా మేనత్తా ఉండేవాళ్ళం. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తల్లి లేని నన్ను పెంచింది ఆవిడే.

మా ఇంటివాళ్ళు కొట్టుకు వెళ్ళరు. చీటీ వెళుతుంది, సరుకు వస్తుంది. బజారుకు పోయే కౌలు రైతు ఎవరో ఒకరు చీటీ పట్టుకెళ్ళి కొట్లో ఇచ్చేవారు. ఆ కొట్టు షావుకారు తాత మా తాత ముందు చెప్పులు విప్పి నిలబడినవాడు. మనవడు మాకు తప్పుడు సరుకు పంపుతాడన్న ఆలోచనే నాకు రాలేదు. వచ్చినా కొట్టు ముందు నిలబడి నూనె వాసన చూసేవాణ్ణి కాను. తాత నాలుక మీద వేసుకుంటే అది అధికారం. నేను వేసుకుంటే, అయ్యో ఈ ఇంటికి ఎంత గతి పట్టిందని జనం అనుకుంటారు. అది నా లెక్క.

ఒక వేసవిలో వచ్చిన మంచినూనె అత్తకు నచ్చలేదు.

"ఒరే, ఈ నూనె అదోలా ఉన్నాది. గొంతులో గీసుకుంటన్నాది. తిరిగి పంపీ."

మన ఇంట్లోంచి సరుకు తిరిగి వెళ్ళదని చెప్పాను. ఆ మాట ఎంత నిబ్బరంగా చెప్పానో ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆవిడ ఇంట్లో ఉన్న కాస్త నెయ్యీ నా విస్తట్లో వేసి, తాను పచ్చడి మెతుకుల్లో ఆ నూనే పోసుకునేది.

రెండు నెలలకు ఆవిడ కాళ్ళు వాచాయి. చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుని నాకు కనపడకుండా తిరిగింది. మెట్టు ఎక్కుతూ ఆయాసంతో కూలబడిన రోజున చూశాను. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. నా కాళ్ళు కూడా సాయంత్రానికి కాస్త బరువెక్కుతున్నాయని అప్పుడు గమనించాను. ఊళ్ళో మందులిచ్చే ఆయన ఒంట్లో రక్తం లేదని టానిక్కు రాశాడు. ఆ టానిక్కు తాగుతూనే ఆవిడ ఆ నూనె తింటూ పోయింది.

వాపు మోకాళ్ళు దాటాక రైల్లో విజయనగరం తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు నాడి చూసి, కాళ్ళు చూసి, మొట్టమొదట అడిగిన ప్రశ్న, ఇంట్లో ఏ నూనె వాడతారని. మంచినూనె అన్నాను. అదే పట్టుకురమ్మన్నాడు. మర్నాడు సీసాలో తీసుకెళ్ళాను. ఆయన గాజు గొట్టంలో కొంచెం నూనె పోసి, దాంట్లో ఘాటైన ఆసిడ్ ఏదో కలిపి ఊపాడు. అడుగున ఎర్రటి రంగు వచ్చింది. గట్ల మీదా, రైలు పట్టాల పక్కనా పచ్చపూలు పూసే ముళ్ళమొక్క ఉంటుందే, దాని గింజ నూనె ఇందులో కలిసిందని చెప్పాడు. ఆ గింజ ఆవగింజలాగే ఉంటుందట. చవకగా దొరుకుతుందట. గుండెను దెబ్బ తీస్తుందట, కళ్ళనూ పాడు చేస్తుందట. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇలాంటి కాళ్ళు ఇంతకుముందే చూశానన్నాడు. ముందు ఆ నూనె మానెయ్యండి, మందులు తర్వాత అన్నాడు.

నేను తిన్నగా కొట్టుకు వెళ్ళాను. నా జీవితంలో ఆ కొట్టు అరుగు ఎక్కడం అదే మొదలు.

నాకు ముందు ఒక చేపలమ్మి నిలబడి ఉంది. బుట్ట అమ్ముడైపోయినట్టుంది, నూనె కొనుక్కుంటోంది. షావుకారు బయట డబ్బాలోంచి పోయబోతే ఒక చుక్క అరచేతిలో వేయించుకుని రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది తనకొద్దంది. లోపలి డబ్బాలోది పొయ్యమంది. అతను మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళి వేరే డబ్బాలోంచి పోసి తెచ్చాడు.

అతను నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మర్యాదకు లోటు లేదు. డాక్టరు చెప్పినదంతా చెప్పాను. తల వంచుకుని విన్నాడు. విని అన్నాడు:

"బాబుగారూ, నూనె నాను గానుగాడలేదు. పైనించొచ్చింది, అమ్మినాను. తవరి తాతగారైతే నాలిక మీదేసుకుని సూసేవోరు. తవరు సీటీ అంపినారు. సూడకుండా తీసుకున్నదెవరు?"

దానికి జవాబిచ్చింది చేపలమ్మి.

"బాబూ, తవరింటికెప్పుడూ ఈ బయట డబ్బాలోదే ఎల్తాది. వాసన సూసినోళ్ళకి నోపలిది, సీటీలోళ్ళకి ఇది. బజారంతా ఎరుగుదురు. తవరికి సెప్పడానికి మాకేటి నోరుందని?"

"నీ సేపలేటి, ఇయ్యాల పట్టినవేనా?" అన్నాడు షావుకారు.

"నా సేప కుళ్ళితే బుట్ట దింపకముందే నువ్వు ముక్కు మూసుకుంతావు. నీ నూనెకి కాళ్ళు వాసీదాకా తెలీదు కదా."

అరుగు కింద ఎవరో నవ్వారు. అతన్ని చూసి నవ్వారో, నన్ను చూసి నవ్వారో తెలియదు. బజారంతా ఎరిగిన సంగతి మా ఇంటికి మాత్రం చేరలేదు. చేరనివ్వని గుమ్మం మాది.

కల్తీ మీద చట్టం ఉందని తెలిసి ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళాను. రసీదు అడిగాడు. లేదు. చీటీ అడిగాడు. అది షావుకారు దగ్గరే ఉండిపోయింది. నేను తెచ్చిన సీసా మూత తీసినది కాబట్టి చెల్లదన్నాడు, కొట్లోంచి తానే నమూనా తియ్యాలన్నాడు. వస్తానన్న రోజు కాక ఆ తర్వాతి వారం వచ్చాడు. అప్పటికి బయట డబ్బాలోనూ స్వచ్ఛమైన నూనే ఉంది. ఇన్‌స్పెక్టరు దాన్ని వాసన చూసి, బాగుందని నాతోనే అన్నాడు. మా తాత కాలంలో ఆ డబ్బా వీధిలో దొర్లేది. ఆ సంగతి అతనికి చెప్పాను. అతను గడియారం చూసుకున్నాడు.

ఆ షావుకారు ఆ తర్వాత కూడా అదే అరుగు మీద అమ్ముకున్నాడు. అతన్ని నేను ఈ రోజుకీ క్షమించలేదు. రసీదు అడగడం నామోషీ అనుకున్న నన్ను అంతకన్నా క్షమించలేదు. రసీదు అడిగి ఉంటే కాగితం చేతిలో ఉండేది. ఒక్క చుక్క అరచేతిలో రుద్ది చూసి ఉంటే ఆ నూనె మా గుమ్మం దాటేదే కాదు.

నూనె మానాక అత్త కాళ్ళ వాపు దిగింది. ఆయాసం కొంత మిగిలింది. ఆ తర్వాత దీపం చుట్టూ రంగురంగుల చక్రాలు కనిపిస్తున్నాయని అనడం మొదలుపెట్టింది. అది కంటికి పట్టిన జబ్బని డాక్టరు అన్నాడు. ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి వైద్యం మొదలైంది.

ఒకరోజు వంటింట్లో కొత్త నూనె సీసా చేత్తో తడిమి అడిగింది.

"ఇది ఎవరు తెచ్చినారు?"

నేనే అన్నాను.

"వాసన సూసినావా?"

నాలుక మీద కూడా వేసుకుని చూశానన్నాను.

"కొట్లోనా? అందరి ముందరా?"

"అందరి ముందరే."

ఆవిడ మూత తీసి, తాను కూడా ఒకసారి వాసన చూసి, పోపు పెట్టింది.

కుడి కంటి వైద్యానికి విజయనగరం చాలాసార్లు తిరిగాం. రెండో ప్రయాణంలో ఇత్తడి కుంచాలు మూడు, అరకుంచం పట్టే అడ్డ ఒకటి, సోలలు నాలుగు గోనెసంచిలో వేసుకెళ్ళి పాత ఇత్తడి కొనే దుకాణంలో తూకానికి అమ్మాను. ముద్ర కమ్మీ ఇనుముది కాబట్టి వాళ్ళు తీసుకోలేదు. దాన్ని స్టేషన్ దగ్గర పాత ఇనుము కొనేవాడికి అమ్మాను.