బావగారి కారు కోసం లిలువా ప్రయాణం

విశాఖలో మధ్యాహ్నం రైలెక్కాను. మా బావగారు పోయి మూడు నెలలైంది. కోల్‌కతా దగ్గర లిలువాలో ఆయన కారు గుమ్మం ముందు ఎండకీ వానకీ పడి ఉందనీ, దాన్ని చర్చికి ఇచ్చేద్దామనుకుంటున్నాననీ అక్క ఫోన్ చేసింది. "మా ఇంట్లో ఎవుడికీ నడపడం రాదు. నువ్వొచ్చి ఓపాలి తిప్పి సూడరా" అంది. డ్రైవింగ్ తప్ప నాకింకో విద్య రాదని ఇంట్లో పేరు కాబట్టి వెంటనే బయల్దేరాను.

ఇచ్ఛాపురం దాటాక ఎదురు సీట్లో పెద్దావిడతో మాట కలిసింది. కొడుకుది కోల్‌కతా మునిసిపాలిటీలో పని, ఇల్లు ఏక్‌బాల్‌పూర్‌లో. అక్కడ కారు నడపాలని చెబితే జాలిగా చూసింది.

"హారన్ కొడితే ఎవుడూ తప్పుకోడు బాబూ. అద్దం దించి 'దాదా' అను, అంటే అన్నా అని, దారిస్తారు."

ఆవిడ పెట్టిన పులిహోర, నేను డబ్బులిచ్చి కొన్న కట్లెట్ కంటే వందరెట్లు నయం. రైల్లో కట్లెట్ జోలికి పోకండి.

తెల్లారి హౌరాలో దిగాను. లిలువా వెళ్ళేవాళ్ళు టాక్సీవాళ్ళ మాట వినొద్దు. లోకల్ ఎక్కితే మొదటి స్టేషనే, టికెట్ టీ ఖర్చంత. కూర్చోడానికి చోటు వెతుక్కునేలోగా దిగాల్సి వస్తుంది.

బావగారు అక్కడి రైల్వే వర్క్‌షాపులో చక్రాల సెక్షన్‌లో రిటైరయ్యారు. ఆదివారాలు ముసలివాళ్ళని కారెక్కించి తెలుగు ఆరాధనకి తీసుకెళ్ళేవారు. పోయినేడాది, బ్రేకు తొక్కినప్పుడల్లా ఆయన చేతుల్లో స్టీరింగు వణకడం మొదలైంది. ఎక్కినవాళ్ళు హడలిపోయి, ఆయనకి చేతుల వణుకు పట్టుకుందన్నారు. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ఆ చేతుల కోసం అందరూ ప్రార్థన చేశారు. "తేడా కారులో ఉంది" అని ఆయన చెప్పబోతే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అని అక్క తాళాలు లాక్కుంది. ఆ తర్వాత ఆయన మళ్ళీ కారెక్కలేదు. ఓ పొద్దున గుండె ఆగి పోయారు.

టిఫినయ్యాక పక్కింటివాళ్ళ కారు బ్యాటరీకి తీగలు కలిపి స్టార్ట్ చేశాం. అక్క నా పక్కన కూర్చుంది. జీటీ రోడ్డు మీద కారు సాఫీగానే పోయింది. ఇంతలో ఒక బస్సు అడ్డంగా దూరింది. బ్రేకు తొక్కాను. స్టీరింగు రెండు చేతుల్లోనూ గడగడలాడింది.

అక్క నా చేతులకేసే చూస్తోంది.

"నీకూ వొణుకుతున్నాయేటిరా?"

ఖాళీ సందులోకి తిప్పి, మెల్లగా పోతూ హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగాను. వణకలేదు. అది పట్టేది వెనక చక్రాల్నే, అంటే అవి బాగానే ఉన్నాయి. కాలితో తొక్కితేనే వస్తోంది, తీస్తే పోతోంది. ముందు చక్రాలతో పాటు తిరిగే ఇనుప పళ్ళేల మీదికి, అదే డిస్కుల మీదికి, అనుమానం పోయింది.

రోడ్డు పక్క గ్యారేజీలో మెకానిక్ చక్రం విప్పి, డిస్కుకి గేజి ఆనించి తిప్పాడు. ముల్లు అటూ ఇటూ ఊగింది. పళ్ళెం ఒకచోట మందం, ఒకచోట పల్చన. రెండు వైపులా డిస్కులూ ప్యాడ్లూ మార్చాలి, అవి కూర్చునే చోట తుప్పు గీకాలి, సాయంత్రానికి ఇస్తానన్నాడు.

బెంగాలీ వింటే కొంత అర్థమవుతుంది గానీ, నాకు మాట్లాడ్డం వచ్చింది 'దాదా' ఒక్కటే. అక్కది నలభై ఏళ్ళ బెంగాలీ. నన్ను దాటుకుని తనే అడిగింది, కారు ఊరికే పడి ఉండడంవల్ల ఇలా అయిందా అని. అవునంటే బాగుండునని నేను లోపల దండం పెట్టుకున్నాను. అతను తుప్పు పక్కన కమిలిన నీలం మచ్చలు చూపించాడు. "పడి ఉంటే తుప్పు పడుతుంది దీదీ. ఈ మచ్చలు వేడికి వస్తాయి, నడిపినప్పుడు. ఇది పాత జబ్బే."

అక్క అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుంది. నాతో అంది.

"ఆకరికి ఆయన కూడా నమ్మేసినాడ్రా. టీ గళాసు ఎదరకి సాపి పట్టుకుని, తొణుకుతందా నేదా అని సూసుకునీవోడు. తొణికీది కాదు. అయినా నమ్మేసినాడు."

తను ఏడవలేదు. నాకే ఆగలేదు. పక్క హోటల్లో గుడ్ల కూర, అన్నం బాగానే ఉన్నాయి గానీ, అక్క విస్తరి ముట్టలేదు. సాయంత్రం కారు తీసుకుని అదే రోడ్డు మీద రెండుమూడు సార్లు గట్టిగా బ్రేకు వేశాను. స్టీరింగు కదల్లేదు. అక్క కళ్ళు మూసుకుని కూర్చుంది.

మర్నాడు ఆదివారం. దారిలో ఇద్దరు ముసలమ్మల్ని ఎక్కించుకుని చర్చికి వెళ్ళాం. సాక్ష్యాలు చెప్పే వేళయింది. జ్వరం తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో చెప్పి, దేవునికి స్తోత్రం అని కూర్చుంటారు. అక్క లేచింది.

"ఆయన సేతులు బాగవ్వాలని మనందరం ప్రార్థన సేసినాం. ఆయన సేతులు బాగానే ఉన్నాయి. మద్దెలే ఓడు. తాళాలు లాక్కున్నది నాను."

స్తోత్రం అనకుండానే కూర్చుంది. ఆరాధన అయ్యాక కారు తాళాలు పాస్టరు గారి చేతిలో పెట్టి, బస్సు దగ్గరికి నడుచుకుంటూ వచ్చేసింది.

మధ్యాహ్నం రైలుకి హౌరా దాకా వచ్చి నన్ను ఎక్కించింది. కోల్‌కతాలో ఏం చూశావని ఇంట్లో అడుగుతారు. వంతెన కూడా సరిగ్గా చూడలేదు. ఒక మంచి మనిషికి తన చేతుల మీద నమ్మకం లేకుండా చేసిన రెండు ఇనుప పళ్ళేలు చూశాను.

ఖరగ్‌పూర్‌లో మట్టి కప్పులో టీ కొన్నాను. రైలు ఇంకా కదల్లేదు. ఎవరూ చూడకుండా కప్పు ఎదరకి చాపి పట్టుకున్నాను.

నాది తొణికింది.