పట్టింపు లేని గ్రహణం

గ్రహణం అన్నప్పుడల్లా నాకు రైలు కిటికీ షట్టర్ చప్పుడు గుర్తొస్తుంది. రాయపూర్ నుంచి బయలుదేరిన బండి సాయంత్రం విశాఖపట్నం చేరుతుండగా, ఎదుటి సీట్లోని గర్భిణి షట్టర్ దించేసింది. ఆమె అత్తవారిది రాయపూర్ పక్కనున్న బీర్‌గావ్. పురిటికి పుట్టింటికి వస్తోంది.

“ఇవాళ్టిది పేరుకే గ్రహణమమ్మా. చంద్రుడి మీద పల్చటి నీడ, అంతే. పంచాంగంలో కూడా పట్టింపు లేదన్నారు,” అన్నాను.

“తెలుసక్కా. పోయినసారీ ఇలాంటిదే. అందరూ సబ్ ఠీక్, ఏం కాదంటే డాబా ఎక్కి చూసేను. బిడ్డ దక్కలేదు. నేను చూడబట్టేనని ఇంట్లో ఇప్పటికీ అంటారు.”

దిగాక, స్టేషనుకొచ్చిన వాళ్ల నాన్న సామాను మోస్తుంటే, నా దుప్పటి ఆమె తలమీదుగా కప్పి, చెయ్యి పట్టుకుని నడిపించాను. ప్లాట్‌ఫారం రేకులు దాటగానే సముద్రం వైపు చంద్రుడు కనిపించాడు.

“ఎలా ఉన్నాడక్కా?” దుప్పట్లోంచి అడిగింది.

“మామూలుగానే ఉన్నాడమ్మా.”

“అప్పుడూ అలాగే ఉన్నాడు,” అంది.