భోజనాల వేళ వైఫై

యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్‌కు నేను ఔట్‌సోర్సింగ్ అటెండర్‌ని. గదులు తెరవడం, టీ పెట్టడం, సర్క్యులర్ వస్తే గదిగదికీ తిప్పి అందరి సంతకాలు తేవడం నా పని. నడివయసు దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది మా దగ్గర పీహెచ్‌డీ చేసిన అమ్మాయి. ఎవరి సంతకం రాలేదో చెప్పలేక నేను తిట్లు తినడం చూసి, ఒకరోజు "ఆంటీ, గీడ కూసో" అని పలక ముందు పెట్టింది.

గుణింతాలు అయ్యేసరికి ఆమెకు వరంగల్‌లో ఉద్యోగం వచ్చింది. "పాఠం ఆగది ఆంటీ, వీడియో కాల్ చేస్త" అన్నది. తార్నాకలో మా ఇల్లు సందులో సందు, కింది గది. ఫోన్ మోగుతుంది గానీ బొమ్మ కదలదు. అందుకని మధ్యాహ్నం భోజనాల వేళ సెమినార్ హాల్లో వెనక బెంచీ మీద, ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి, ఆఫీసు వైఫైతో నేర్చుకునేదాన్ని. ఆమె కాగితం మీద రాసి చూపేది, నేను పలికేదాన్ని. ఒత్తుల దాకా వచ్చాం.

అప్పుడే నెట్ నెమ్మదిగా వస్తోందని సార్లు గొడవ పెట్టారు. ఉద్యోగులు ఇంటర్నెట్ ఎట్లా వాడాలో రూల్స్ రాయడానికి కమిటీ వేశారు. ఔట్‌సోర్సింగ్ వాళ్ల తరఫున ఒకరు ఉండాలని పైనుంచి వచ్చిన కాగితంలో ఉందట. టీ తీసుకుపోయిన నన్నే కూర్చోమన్నారు. ఆ గదిలో కుర్చీ మీద కూర్చోవడం నాకు అదే మొదలు.

కమిటీ పెద్దసారు అడిగారు. "ఏమ్మా, మీవాళ్లు వైఫైలో ఏం చూస్తారు?"

"ఒక్కొక్కరు ఒక్కోటి సార్. నేనైతే సదువుకుంటున్న."

"చదువా!"

అంతా చెప్పాను. ఏ వేళ, ఎంతసేపు, ఏ బెంచీ. "చూశారా, ఈ వయసులో!" అని ఆయన చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లూ కొట్టారు. ఆ సాయంత్రం క్యాంపస్ గేటు నుంచి తార్నాక దాకా నాలో నేను నవ్వుకుంటూ నడిచాను.

తర్వాతి వారం సర్క్యులర్ వచ్చింది. మాకోసం తెలుగులో కూడా ఒక కాపీ వేశారు. మెట్ల దగ్గర నిలబడి కూడబలుక్కుంటూ చదివాను. అధ్యాపకులు, రెగ్యులర్ ఉద్యోగులు విద్యా అవసరాలకు వైఫై వాడుకోవచ్చు. ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి పాస్‌వర్డ్ ఉండదు. భోజన విరామంలో వీడియో పాఠాల వంటి సొంత పనులకు ఆఫీసు ఇంటర్నెట్ వాడరాదు. నా బెంచీని కూడా వదల్లేదు. మధ్యాహ్నం సెమినార్ హాలుకు తాళం వేయాలట. ఒక ఆఫీసు కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా నా అంతట నేను చదవడం అదే మొదటిసారి.

సంతకానికి పెద్దసారు గదిలోకి పోతే ఆయన ఫోన్‌లో క్రికెట్ నడుస్తోంది.

"సార్, నా ముచ్చట గిట్ల రాసిండ్రేంది?"

"నీ పేరు ఎక్కడా లేదుగా అమ్మా."

"ఈడ వీడియో పాఠాలు ఇనేది నేనొక్కదాన్నే గద సార్. మీకేమో విద్యా అవసరాలని రాసిండ్రు. నాది విద్య గాదా?"

ఆయన నవ్వారు. "నీది వేరమ్మా. నీ ఒక్కదానికి ఇస్తే రేపు అందరూ చదువే అంటారు. రూలు అన్నాక ఏదో ఒక ఉదాహరణ రాయాలి కదా."

చివరి సంతకం నాది. పెట్టాను.

కిందికి వస్తే వాచ్‌మన్ ఎదురొచ్చాడు. "ఏందక్కా, కుర్చీ ఎక్కి మా పాటలు బందు వెట్టిచ్చినవంట!"

ఊడ్చే ఆమె అందుకుంది. "ఊకో తమ్మీ, చప్పట్లు గొట్టిచ్చుకున్న మనిషి. మనతోని మాట్లాడ్తదా?"

చాలా రోజులు వాళ్లు నన్ను పిలవకుండానే టిఫిన్లు విప్పుకున్నారు.

సాయంత్రాలు తార్నాక మెట్రో మెట్ల కింద నిలబడి పాఠం కోసం ప్రయత్నించాను. బస్సుల హారన్ల మధ్య "ఆంటీ, వినవడ్తుందా?" అని ఆమె అరిచేది. ఫోన్‌లో ఒత్తు రాస్తున్న ఆమె చెయ్యి సగంలో ఆగిపోయేది. అప్పటికి ఆమెకు చంటిపిల్ల, సాయంత్రాలు తీరిక దొరికేది కాదు. "ఈ వారం కాదు ఆంటీ" అన్నది కొన్నిసార్లు, తర్వాత అదీ అనలేదు. ఆమె మీద నాకు కోపం లేదు. మిగిలిన ఒత్తులు దుకాణాల బోర్డులు చూసి, తప్పు పలికి, నలుగురిలో నవ్వులపాలై, ఏళ్లు పట్టి నేర్చుకున్నాను. ఒక్క ఎండాకాలంలో అయిపోవాల్సిన పాఠం అది.

మొన్న మహిళా దినోత్సవానికి పెద్దసారు పిలిచారు. "మన డిపార్ట్‌మెంట్‌లోనే చదువు నేర్చుకున్నావు. స్టేజీ ఎక్కి రెండు మాటలు చెప్పమ్మా, పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుంది."

"నాకు మాట్లాడరాదు సార్."

"అదేంటి, ఆ రోజు కమిటీలో ఎంత బాగా చెప్పావు!"

"గందుకే సార్" అని, ఖాళీ కప్పులు తీసుకొని బయటికి వచ్చేశాను.