సిలబస్‌లోకి మా వీధి

మద్రాసులో మూడో ఏడు చదువుతుండగా మా మెడికల్ కాలేజీ సిలబస్ కమిటీకి స్టూడెంట్ల తరఫున నన్ను పంపారు. ఊరికే కూర్చుని టీ తాగి రమ్మన్నారు సీనియర్లు. నా నోరు ఊరుకుంటుందా? ఇళ్ళకి వెళ్ళి మనుషుల ఆరోగ్యం కనుక్కునే పాఠం ఒకటుంది మాకు. దానికోసం బస్సెక్కించి ఎక్కడో పల్లెకి తీసుకెళ్ళడం, ఫోటోలు దిగడం, మధ్యాహ్నానికి తిరిగి రావడం ఏం చదువని అడిగాను. "మేముండే వ్యాసర్పాడి వీధుల్లో మనుషులు లేరా సార్? రోగాలు లేవా?" అన్నాను. పెద్ద ప్రొఫెసరు ముఖం ముడుచుకున్నాడు గానీ చివరికి ఒప్పుకున్నాడు. ఎవరి వీధికి వాళ్ళు వెళ్ళకూడదని, పేర్లు బయటపెట్టకూడదని షరతులు కూడా నేనే పెట్టించాను. ఆ వారమంతా గాల్లో తేలాను.

నెల తిరిగాక, చూసిన ఇంటి గురించి ఒక్కొక్కరూ క్లాసులో చెబుతున్నారు. కోయంబత్తూరు నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్ లేచింది.

"యాభై దాటిన ఆవిడ సార్. భర్త రైల్వే యార్డులో కూలీ. రొమ్ములో గడ్డ, ఏడాదిగా ఉందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

"ఆస్పత్రికి రమ్మనలేదా?" అన్నాడు సారు.

"బతిమాలాను సార్. కూతురు డాక్టరుకు చదువుతోందట, దాని పరీక్షలయ్యాక వస్తానంది."

ఓరి దేవుడా! ఆ అమ్మాయి వెళ్ళింది మా వీధికే. అక్కడ డాక్టరుకు చదివేది నేనొక్కదాన్నే, యార్డులో కూలీ మా నాన్నే. ఆ అమ్మాయి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. బ్యాగు కూడా తీసుకోకుండా బయటికొచ్చి ఆటో ఎక్కాను.

అమ్మ వంటింట్లో చింతపండు పిసుకుతోంది. "ఏమే, ఈ టైంలో వస్తివి? క్లాస్ లేదా?"

"గడ్డ ఏదమ్మా?"

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఆ పాప చెప్పేసిందా? నీ పేరే ఎత్తలేదే నేను! ఎవురికీ సొల్లాదేమ్మా, చెప్పొద్దు అని కూడా అంటినే!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ముక్కూమొహం తెలియని పిల్లకి చెప్తావు, నాకు చెప్పవా?"

"ఆ పాప అయితే రాసుకొని పాయ. నీకు చెప్తే ఏడుస్తావు, పుస్తకం మూసి పెడతావు. నిన్ను కన్నదాన్ని, నాకు తెలీదా?"

తలుపు గడియ వేసి చూశాను. వేళ్ళకి గట్టిగా తగిలింది, కదల్లేదు. చంకలో ఇంకొకటి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నొప్పే లేదు పాపా," అంది అమ్మ, నన్నే ఓదారుస్తూ. "నొప్పుంటే చెప్పకుండా ఉంటానా?"

నొప్పి లేని గడ్డే ప్రమాదమని పోయిన పరీక్షలోనే రాశాను. కొక్కేనికున్న చీర తీసి, ఆస్పత్రికి పదమని అమ్మ చేతిలో పెట్టాను.

"ఇప్పుడేనా?" అంది అమ్మ. "సోమవారం నీకు పరీక్ష కదే?"