తెరకు వీపు పెట్టమన్న సారు

మా రేడియో సారు ఇక లేరు. మొన్న పొద్దున ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సు కోసం నిలబడి ఉంటే, నాతోపాటు ఆయన దగ్గర చదువుకున్న వేంపల్లె మాస్టరు గబగబా వచ్చి, "అక్కా, సారు పోయినాడంట. వాళ్ల ఊర్లోనే, నిద్రలోనే" అన్నాడు. వచ్చిన బస్సు మా ముందే వెళ్లిపోయింది. ఇద్దరం ఎక్కలేదు. తర్వాతి బస్సులో నేను ముందు సీట్లో, అతను వెనక సీట్లో కూర్చుని దారి పొడవునా సారు మాటలే చెప్పుకున్నాం. పులివెందులలో దిగేసరికి ఇద్దరం నవ్వుతున్నాం. పోయిన మనిషిని తలుచుకుని నవ్వడం కొందరికి తప్పుగా తోచవచ్చు. ఆయన విషయంలో అది తప్పు కాదని నేను గట్టిగా చెప్పగలను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఇంకా కొత్త పోని రోజులు. రేడియోతోనూ సినిమాతోనూ జనానికి చదువు చెప్పడం ఎలాగో నేర్పాలని విశ్వవిద్యాలయం ఒక తరగతి పెట్టి, దానికి సారును వేసింది. ఏటా ఎండాకాలం సెలవుల్లో ఆయన ప్రొద్దుటూరు వచ్చి, హైస్కూలు వెనక గదిలో మాలాంటి బడి టీచర్లకు ఆ పాఠాలే చెప్పేవారు. మాట గోడకు తగిలి తిరిగి రాకూడదని చాపాడు నుంచి గొర్రె కంబళ్లు తెప్పించి గది నిండా వేలాడగట్టించారు. ప్రొద్దుటూరు ఎండ, మూసిన కిటికీలు, చుట్టూ కంబళ్లు! ఆ గదిలోంచి బయటికొస్తే మా దగ్గర మేకల దొడ్డి వాసన వచ్చేది. సారు మాత్రం కోటు విప్పేవారు కాదు.

ఆయనది కోస్తా వైపు, సర్కారు జిల్లాల మాట. గొంతు పీలగా, ఈల వేసినట్టు ఉండేది. ఆ సంగతి మొదటి రోజే ఆయనే చెప్పేశారు. "నా గొంతు విన్నారుగా. దీనికి రేడియోలో ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. అందుకే నేర్పే ఉద్యోగంలో చేరాను." మేం నవ్వాలో వద్దో తెలియక ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. "నవ్వండి. నవ్వు మైకులో బాగా వినిపిస్తుంది" అన్నారు.

మైకు ముందు ఎవరైనా ఉపన్యాసం అందుకుంటే చెయ్యెత్తి ఆపేవారు. "అవతల ఒకావిడ పిండి రుబ్బుకుంటూ వింటోంది. మీ మాటకు ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగాలి. ఆగకపోతే మీరు చెప్పింది ఆమెకు అందనట్టే" అనేవారు. ఇప్పటికీ నేను నోరు విప్పే ముందు ఆ చేతినే తలుచుకుంటాను.

మాది నేతపని ఇల్లు. ఇంట్లో సంగతి ఏదైనా మైకులో చెప్పమంటే నేను, "మా యమ్మ పొద్దన్నే లేసి మగ్గం కాడ కూచ్చుంటాది. పోగు తెగితే యాడ తెగిందో సూడకుండానే చేత్తో పట్టుకుంటాది" అన్నాను. కోస్తా నుంచి మా వైపు బదిలీ మీద వచ్చిన ఇద్దరు టీచర్లు పక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. సారు వాళ్లిద్దర్నీ మైకు దగ్గరికి పిలిచారు.

"ఆవిడ చెప్పిన మాట ఆవిడ చెప్పినట్టే చెప్పండి."

వాళ్లకు రాలేదు. ఒకాయన సాగదీశాడు, ఒకాయన మింగేశాడు. సారు తను కూడా ప్రయత్నించారు. ఆ పీల గొంతులో "యాడ తెగిందో" అనేది పోగును తిట్టినట్టు వచ్చింది. ఈసారి గదంతా నవ్వింది, నేను కూడా. ఆయన నుదురు తుడుచుకుని, "చూశారా, నాకూ రాలేదు. మనకు రానిది తక్కువది ఎలా అవుతుంది?" అన్నారు. అంతే, తర్వాతి పాఠానికి వెళ్లిపోయారు. నన్ను ఓదార్చలేదు. ఆ అవసరం ఉందని కూడా ఆయనకు తోచినట్టు లేదు.

సినిమా పాఠం అంతకంటే వింత. ఒక సాయంత్రం మమ్మల్ని టూరింగ్ టాకీసుకు తీసుకెళ్లి, అందరి ముందు వరుసలో కూర్చోబెట్టి, "ఇప్పుడు తెరకు వీపు పెట్టండి" అన్నారు. "బొమ్మ రేపైనా ఉంటుంది. ఈ ముఖాలు రేపుండవు. ఎక్కడ నవ్వుతున్నారో, ఎక్కడ బీడీ వెలిగిస్తున్నారో చూడండి." మా ఎదురుగా కూర్చున్న బట్టల కొట్టు ఆయన తట్టుకోలేకపోయాడు. "ఏందప్పా ఇది! దుడ్లు పెట్టి టికెట్టు కొనుక్కోని మా మొగాలు సూస్తాండారు, మీకేమన్నా పిచ్చా?" అని అరిచాడు. సారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. "మీ ముఖమే మా పుస్తకమండీ" అన్నారు. ఆయన సిగ్గుపడిపోయి, ఆ తర్వాత ఆటంతా ఫోటోకు కూర్చున్నట్టు బిగదీసుకుని కూర్చున్నాడు.

పాఠాల్లో టెలివిజన్ కూడా ఉండేది. "నేను దాన్ని చూడలేదు. చదివింది చెబుతున్నాను" అని ముందే చెప్పేవారు. మమ్మల్ని ఎండలోకి పంపి, గది కిటికీ తెరిచి, లోపల వేంపల్లె మాస్టరును నిలబెట్టి పత్తి ధర చదివించారు. "ఇదిగో, ఇదే. ఈ కిటికీ రేపు ఇంటింటికీ వస్తుంది. అప్పుడు చదివేవాడు తల దువ్వుకోవాలి, అదొక్కటే తేడా." చూడని వస్తువును అంత ధైర్యంగా, అంత నిజాయితీగా నేర్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇదంతా ఒక ఎత్తు, సింహాద్రిపురం దగ్గరి పల్లెలో జరిగింది ఒక ఎత్తు.

ఆ రోజుల్లో దిగుడుబావుల ఊళ్లను నారికురుపు పీడించేది. జనం కాళ్లు నీళ్లలో పెట్టి కడవ ముంచుకుంటే, కురుపున్న కాళ్లలోంచి పురుగు పిల్లలు నీళ్లలో కలిసేవి. ఆ నీళ్లు తాగినవాళ్ల ఒంట్లో పురుగు పెరిగి, ఏడాదికి కాలు చీల్చుకుని దారంలా బయటికొచ్చేది. దాని మీద తీసిన చిన్న చిత్రాన్ని చూపించడానికి జీపులో వెళ్లాం. పొద్దు గూకగానే బడి ముందు తెర కట్టి ఆట మొదలుపెట్టాం. బొమ్మలో బావి కనిపించింది. "కలుషిత జలపానమువలన సంక్రమించు ఈ వ్యాధి..." అని గంభీరంగా ఒక గొంతు మొదలైంది. ఆడవాళ్లు వెంటనే వాళ్ల కబుర్లలో పడిపోయారు. సారు తెర వైపు చూడనే లేదు, వాళ్లనే చూస్తున్నారు. ఉన్నట్టుండి వెళ్లి చిత్రం శబ్దం ఆపేశారు.

"పంతులమ్మగారూ, మైకు తీసుకోండి. బొమ్మకు మాట మీరు చెప్పండి."

"నేనా? తప్పు చెప్తే ఎట్ల సార్?"

"ఈ జబ్బు మీకు తెలుసా?"

"మా పిన్నమ్మకు వచ్చిండె."

"అయితే ఆవిడతో చెప్పినట్టే చెప్పండి."

నేను మైకు పట్టుకున్నాను. "అక్కా, ఇట్ల సూడండి. ఈ బాయి మన బాయి మాదిర్నే ఉండాది. ఈ నీల్లు మనం తాగేటియ్యే" అన్నాను. కబుర్లు ఆగిపోయాయి. ఇంకో రెండు మాటలు చెప్పానో లేదో, ముందు వరుసలోంచి ఊరి పెద్ద లేచాడు.

"ఆపండప్పా ఆ బొమ్మ! మా తాత తవ్విచ్చిన బాయిలో పురుగుండాదని చెప్పేకి వచ్చినారా ఈడికి? కరువులో ఊరిని బతికిచ్చిన బాయి అది!"

ఆయన వెనక మరో నలుగురు లేచారు. బొమ్మ ఆగింది. మా డ్రైవరు అప్పుడే తీగలు చుట్టడం మొదలుపెట్టాడు. సారు నా చేతిలోని మైకు తీసుకుని నేరుగా ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లారు. "ఆ బావి కథ నాకు తెలియదండీ. మీరే చెప్పండి, ఊరంతా వింటుంది" అని ఆయన చేతిలో పెట్టారు. తన గొంతు పైనున్న లౌడ్‌స్పీకరు గొట్టంలోంచి రావడం విని పెద్దాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. వాళ్ల తాత ఎద్దులమ్మి బండ పగలగొట్టించడం, నీళ్లు పడిన రోజు ఊరంతా ఏడవడం. మేం కూడా కదలకుండా విన్నాం.

ఆయన ఆపగానే వెనక నుంచి ఒక ముసలామె, "అంతా బాగనే ఉండాది మామా. పోయిన ఎండాకాలం నీ కాల్లో నారి పుట్టి ఊరెగిరిపోయేటట్ల అరిసినావే, అది యాడనుంచి వచ్చినట్టు?" అంది. జనం గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు. నేను దగ్గరికి వెళ్లి, "శానా నొచ్చిందా మామా?" అని అడిగాను.

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "శెనక్కాయిత్తనం ఏసేదాకా మంచం దిగిందే ల్యా. దినామూ పురుగును పుల్లకు సుట్టి ఇంతింత తీసినారు. పగోనికి గూడ వద్దమ్మా ఆ నొప్పి" అన్నాడు. ఆ మాట ఊరంతా విన్నది. ఆయన మైకు నాకిచ్చి కూర్చున్నాడు. బొమ్మ మళ్లీ కదిలింది.

"మామ తాత బాయి మంచిదే అక్కా. దాంట్లో కాల్లు పెట్టేది మనం" అని మొదలుపెట్టాను. గుడ్డ మడతేసి నీళ్లు వడగట్టడం, గట్టు మీద నిలబడి చేంతాడుతో తోడుకోవడం, అన్నీ చెప్పాను.

మరుసటి ఏడు వెళ్లేసరికి బావి మెట్లకు అడ్డంగా గోడ లేచి ఉంది. పైన గిలకలు తిరుగుతున్నాయి. పెద్దాయనే మమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. "మా తాత తవ్విచ్చినాడు, నేను గోడ కట్టిచ్చినా. ఇంగ ఇది ఇద్దరిదీ సారూ" అన్నాడు.

అంతకుముందే, ఖర్చు పెట్టి తీసిన చిత్రం నోరు నొక్కారని పైవాళ్లు సారును పిలిపించి మందలించారు. ఏమన్నారు సార్ అని అడిగితే, "అన్నారు. విన్నాను. వచ్చే ఏడూ ఆపుతానని చెప్పి వచ్చాను" అన్నారు. ఆయన ఉద్యోగంలో పై మెట్టు ఎక్కడం చాలాకాలం ఆగిపోయిందని మాకు ఇతరుల వల్ల తెలిసింది. ఆయన నోట ఆ ఊసే రాలేదు. ఇప్పుడు ఆ ఎండాకాలం తరగతి నేను చెబుతున్నాను. యాడ, ఏంది అనే కొత్త టీచర్లు నా ముందు తలెత్తుకునే మాట్లాడతారు.

ఆయన్ని చివరిసారి చూసింది జమ్మలమడుగులో, పెన్న ఇసుకలో. ఏరు ఎండిపోయి ఉంది. ఆడవాళ్లు నీళ్ల కోసం ఇసుక తవ్వి చెలమ తీస్తున్నారు. కొత్తగా వచ్చిన టేపు రికార్డరును సారు అక్కడికి మోయించుకొచ్చారు. ఆ కోటుతోనే ఇసుక మీద బోర్లా పడుకుని, మైకును చెలమ అంచున పెట్టారు. "ఏంది సామీ, ఏం ఇనపడ్తాంది?" అని ఒకామె అడిగింది. ఆయన తన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి ఆమె తలకు పెట్టారు. ఆమె కళ్లు పెద్దవి చేసింది. చంకలో ఖాళీ బిందెతో అలాగే వంగి నిలబడిపోయింది. కింద చెలమలో, ఇసుకలోంచి, నీళ్లు ఊరుతున్నాయి.